మనాంగ్‌లో రాత్రిపూట మాత్రమే తలనొప్పి: ఆగాలా, దిగాలా?

నేపాల్‌లోని అన్నపూర్ణ సర్క్యూట్ ట్రెక్‌లో మనాంగ్ (3,540 మీటర్లు) చేరాక ఈ టెన్షన్ పట్టుకుంది. పగలు ఏ ఇబ్బందీ లేదు. ఆకలి వేస్తోంది, వాంతులు లేవు, నడక తూలడం లేదు. రాత్రి రెండింటికి మాత్రం తల వెనకభాగం పగిలిపోతున్నట్టు నొప్పి. నిద్రలో ఊపిరి కొన్ని సెకన్లు ఆగి, ఒక్కసారిగా ఎగపీలుస్తున్నానని పక్క మంచం మీద పడుకున్న మా తమ్ముడు చెప్తున్నాడు.

పారాసిటమాల్ 650 వేస్తే కాసేపు తగ్గి మళ్లీ మొదలవుతోంది. నీళ్లు బాగానే తాగుతున్నాను. గంగాపూర్ణ సరస్సు పైదాకా ఎక్కి, దిగి వచ్చి పడుకున్నా తేడా లేదు. అందరూ చెప్పే వెల్లుల్లి సూప్‌తో నోటి వాసన తప్ప ఒరిగిందేమీ లేదు. సల్ఫా అలర్జీ ఉంది, అందుకే డయామాక్స్ (ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వేసుకునే మాత్ర) జోలికి పోలేదు.

రేపు యాక్ ఖర్కా (4,050) వెళ్దామని గైడ్ అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇలా రాత్రిళ్లే నొప్పి వచ్చినవాళ్లకు మనాంగ్‌లోనే ఇంకొన్ని రాత్రులు ఆగితే తగ్గిందా, లేక కింద పిసాంగ్‌కి దిగాల్సి వచ్చిందా?