నవంబర్ 8, నవంబర్ 11: కెనడా సైనికులకు రెండు రోజులెందుకు?

విన్నిపెగ్ వాసి:
కెనడాలో నవంబర్ 11న యుద్ధాల్లో పోయిన సైనికులందరినీ తలుచుకుంటారు. 8న ఆదివాసీ సైనికులను విడిగా తలుచుకుంటారు. ఈ రెండోది 1994లో మా ఊళ్ళోనే మొదలైంది. ఒకే యూనిఫాం, ఒకే కందకం. విడదీసి గౌరవిస్తే అది ఆదివాసీలతో సయోధ్య ఎలా అవుతుంది?

గోదారి గట్టు:
కందకంలో ఒకటేనండీ, ఇంటికొచ్చాకే వేరయ్యారు. మీ మానిటోబా రాష్ట్రంవాడే, ఆదివాసీ సైనికుడు టామీ ప్రిన్స్. 1944లో ఇటలీలో తనవాళ్ళకి కబురు పంపే టెలిఫోన్ తీగ తెగితే రైతు బట్టలేసుకుని పొలంలోకి వచ్చాడు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, జర్మన్లు చూస్తుండగానే తీగ కలిపేశాడు. బ్రిటన్ రాజే స్వయంగా పతకం పెట్టాడు. తిరిగొస్తే ఓటు లేదు! ఆదివాసీ హోదా వదులుకోకుండా దేశ ఎన్నికల్లో ఓటేసే హక్కు వాళ్ళకి 1960లో గానీ రాలేదు. చివరికి పేదరికంలో పతకాలు అమ్ముకున్నాడు.

ప్రశ్నల పుల్లయ్య:
ఓటు అన్యాయమే, ఒప్పుకుంటా. డబ్బు సంగతిలో మాత్రం ఆగండి. యుద్ధం నుంచి తిరిగొచ్చాక మిగతా సైనికులకి సర్కారు భూమి కోసం ఇచ్చింది 6,000 డాలర్ల దాకా అప్పు, రిజర్వుల్లో, అంటే ఆదివాసీలకి కేటాయించిన భూముల్లో, ఉండేవాళ్ళకి 2,320 దాకా గ్రాంటు. తిరిగి కట్టక్కర్లేనిదే నయం కదా?

గోదారి గట్టు:
మిగతావాళ్ళకీ ఆ 6,000లో 2,320 దాకా మాఫీ ఉండేది పుల్లయ్యగారూ, పైన అప్పు అదనం. రిజర్వు భూమి తాకట్టుకి పనికిరాదు కాబట్టి వీళ్ళకి ఆ దారి మూసేశారు. గ్రాంటు కూడా ఇండియన్ ఏజెంటు, అంటే రిజర్వు మీద పెత్తనం చేసే సర్కారు అధికారి, చేతులమీదుగానే. మనిషికి 20,000 డాలర్ల పరిహారం ఇస్తామని ప్రభుత్వం అన్నది 2002లో. అప్పటికి ఎంతమంది మిగిలారు?

రేవతి:
నా గొడవ వేరు. 1942లో సైనిక శిబిరం కోసం ఒంటారియోలో స్టోనీ పాయింట్ రిజర్వునే తీసేసుకున్నారు. యుద్ధం అయిపోయినా ఇవ్వలేదు. 1995లో దాని పక్క పార్కులో నిరసనకి దిగిన డడ్లీ జార్జ్‌ని పోలీసులు కాల్చి చంపారు. భూమి లెక్క తేల్చకుండా పూలదండలేస్తే ఏం లాభం?

గోదారి గట్టు:
రేవతిగారూ, దండ కూడా తేలిగ్గా రాలేదు. ఒట్టావా జాతీయ స్మారకం దగ్గర తమవాళ్ళ పేరున దండ ఉంచే వీలు ఆదివాసీ సైనికులకి దొరికింది కూడా ఆ 1995లోనే. భూమి అడగాల్సిందే, దానికోసం దండ ఆపక్కర్లేదు.

విన్నిపెగ్ వాసి:
సరే, సగం ఒప్పుకున్నా. మిగతా సగం వినండి. మా అమ్మాయి 11న క్లాసులో టామీ ప్రిన్స్ గురించి మాట్లాడతానంటే, "అది 8నే అయిపోయింది కదా" అన్నారట టీచరు.