ఎస్‌సీఎఫ్‌వీ (ఒకే గొలుసుగా కుట్టిన యాంటీబాడీ ముక్క) బ్యాండ్ లావుగా వస్తోంది, దాని లక్ష్యమైన యాంటీజెన్‌ని మాత్రం పట్టుకోవడం లేదు

యెలహంక_ల్యాబ్:
బెంగళూరులో పీహెచ్‌డీ రెండో ఏడు. ఎలుక హైబ్రిడోమా (యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి చేసిన కణం) నుంచి యాంటీబాడీ హెవీ, లైట్ చెయిన్ల వేరియబుల్ (యాంటీజెన్‌ని పట్టుకునే) భాగాలు తీసి, మధ్యలో 15 అమైనో ఆమ్లాల గ్లైసిన్-సెరీన్ లింకర్ పెట్టి ఎస్‌సీఎఫ్‌వీ కట్టాను. లైట్ చెయిన్ రెండోది, దాని చివర హిస్ ట్యాగ్ (నికెల్‌కి అంటుకునే చిన్న తోక). ఈ.కోలై బాక్టీరియాలో 27 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ వస్తోంది కానీ అంతా కరగకుండా అడుగున పెల్లెట్‌లోనే. యూరియాలో కరిగించినా నికెల్ కాలమ్‌కి అంటుకోదు, రీఫోల్డ్ చేసి (మళ్లీ మడతపడనిచ్చి) ఎలైసా (యాంటీజెన్‌ని పట్టుకుంటోందో లేదో చూసే పరీక్ష) పెడితే సున్నా. హైబ్రిడోమా సూపర్నేటెంట్ (కణాలు పెరిగిన ద్రవం) మాత్రం చక్కగా పట్టుకుంటోంది. టెంపరేచర్, ఐపీటీజీ (ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం) రెండూ తగ్గించాను. హెచ్‌ఈకే (మనిషి) కణాలకి మారదామంటే గైడ్ గారు డబ్బులెక్కడివి అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జెల్_బాబాయ్:
మడతలన్నీ విప్పే యూరియాలో కూడా నికెల్‌కి అంటలేదంటే అసలు ట్యాగే లేదేమో! బాక్టీరియాని తర్వాత తిట్టుకోవచ్చు, ముందు లైట్ చెయిన్ సీక్వెన్స్ చూడండి. హైబ్రిడోమా ఫ్యూజన్‌కి వాడే మైలోమా (క్యాన్సర్) కణాల్లో చాలావరకు ఎంఓపీసీ-21 అనే ఎలుక కణితి వంశానివి, వాటికి పుట్టుకతోనే ఒక పనికిరాని కప్పా (ఒక రకం లైట్) చెయిన్ ఎంఆర్‌ఎన్‌ఏ ఉంటుంది, మన ప్రైమర్లు (జన్యువుని కాపీ చేయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పోయి పోయి దాన్నే పట్టుకుంటాయి. 23వ చోట సిస్టీన్ బదులు టైరోసిన్ కనిపిస్తే అదే. వీ, జే అనే జన్యు ముక్కలు కలిసే దగ్గర ఫ్రేమ్ (మూడేసి అక్షరాలుగా చదివే వరస) జారి 105 దగ్గర స్టాప్ పడి గొలుసు ఆగిపోతుంది, ఆ తర్వాత మీ ట్యాగ్ ఎక్కడినుంచి వస్తుంది?

బొమ్మసంద్ర_షిఫ్ట్:
బాబాయ్ చెప్పింది తేలాకే ఇది. సైటోప్లాజంలో డైసల్ఫైడ్ బంధాలు సరిగా పడవు, పెల్‌బీ లీడర్ (ప్రొటీన్‌ని సైటోప్లాజం దాటించే ముక్క) తగిలించి పెరిప్లాజంలోకి (బాక్టీరియా రెండు పొరల మధ్య చోటుకి) పంపండి, దిగుబడి తగ్గినా మడత కుదురుతుంది. స్టెయినింగ్‌కి, ఎలైసాకి ఈ.కోలై చాలు. పూర్తి ఐజీజీ యాంటీబాడీ కావాలి, దాని కాడ లాంటి ఎఫ్‌సీ భాగం రోగనిరోధక కణాల్ని పిలవాలి అంటే మాత్రం 297వ ఆస్పరాజిన్ మీద చక్కెర గొలుసు ఉండాలి, మామూలు ఈ.కోలై అది పెట్టదు. అందుకే కంపెనీల్లో సీహెచ్‌ఓ (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ) కణాలు.

యెలహంక_ల్యాబ్:
చూశాను బాబాయ్, 23లో టైరోసినే!! తీసిన కాలనీలన్నిట్లో అదే సీక్వెన్స్ వస్తే క్లోనింగ్ బాగా కుదిరిందని సంబరపడ్డాం. ఇప్పుడు అసలుది ఎలా పట్టాలి? పైగా గ్రాంట్‌లో చికిత్స అని రాశారు మావాళ్లు.

జెల్_బాబాయ్:
ఇంకా చాలా కాలనీలు సీక్వెన్స్ చేయించండి, లేదా 5 ప్రైమ్ రేస్ (ఎంఆర్‌ఎన్‌ఏ మొదలు దాకా కాపీ తీసే పద్ధతి) చేసి స్టాప్ ఉన్నవన్నీ ఏరి పారేయండి. హైబ్రిడోమా యాంటీబాడీ లైట్ చెయిన్‌ని మాస్ స్పెక్‌కి (ప్రొటీన్ ముక్కల బరువు కొలిచే పరీక్షకి) ఇస్తే దొరికింది అసలుదో కాదో తేలిపోతుంది. చికిత్స మాట ఇప్పుడే వద్దు, ఎలుక యాంటీబాడీ ముక్కని మనిషికి ఎక్కిస్తే ఒళ్లు దానిమీదే యాంటీబాడీలు చేస్తుంది. 1986లో గ్రెగ్ వింటర్ బృందం చూపించినట్టు సీడీఆర్‌లని (యాంటీజెన్‌ని తాకే చిన్న భాగాల్ని) మనిషి యాంటీబాడీ చట్రంలోకి మార్చాలన్నా ముందు సరైన సీక్వెన్స్ చేతిలో ఉండాలి కదా.