నాన్నకి రెండో కీమోనా, పాలియేటివ్ కేరా? ఇంట్లో తలో మాట, ఆయనకి మాత్రం ఏమీ చెప్పలేదు

ప్రశ్న:
నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజ్. మొదటి కీమో కొన్నాళ్లు బాగానే పనిచేసింది, ఈసారి స్కాన్‌లో లివర్‌కి కూడా పాకిందని తేలింది. డాక్టర్ గారేమో మందు మార్చి ఇంకో కీమో ఇచ్చి చూడొచ్చు, వద్దనుకుంటే బాధలు తగ్గించే పాలియేటివ్ కేర్‌కి రాస్తాను, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి అన్నారు. దూరంగా ఉండే అన్నయ్య పాలియేటివ్ అంటే చేతులెత్తేయడమే, ఒప్పుకోను అంటాడు. అమ్మ ఇంక ఆయన్ని బాధపెట్టొద్దంటోంది. నాన్నకి క్యాన్సర్ అని తెలుసు కానీ పాకిన సంగతి చెప్పలేదు, చెప్తే కుంగిపోతారని అందరి భయం. ఈమధ్య ఆయనే "రిపోర్ట్ ఏమొచ్చిందమ్మా" అని అడుగుతున్నారు, నేను మాట మార్చేస్తున్నాను. ఇలాంటివి దాటినవాళ్లు ఎలా నిర్ణయించుకున్నారో చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు 1:
నేను పాలియేటివ్ విభాగంలో నర్సుని. ముందు మీ అన్నయ్య గారి భయం గురించి చెప్తాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లో ఇదే మాట వింటాం. పాలియేటివ్ కేర్ అంటే వైద్యం ఆపేయడం కాదండీ. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం, వీటిని చూసుకునే వైద్యం, కీమో నడుస్తుండగానే పక్కన ఇది కూడా తీసుకోవచ్చు. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది, సరిగ్గా మీ నాన్నగారి లాంటి జబ్బు మీదే. ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకిందని కొత్తగా తెలిసిన 151 మందిలో కొందరికి మామూలు చికిత్స ఒక్కటే ఇచ్చారు, మిగతావాళ్లకి దాంతోపాటు మొదటినుంచీ పాలియేటివ్ కేర్ కూడా ఇచ్చారు. రెండో గుంపులో వాళ్లకి దిగులు తక్కువ, రోజులు కాస్త సుఖంగా గడిచాయి, చివర్లో వాళ్లకి కఠినమైన చికిత్సలు తక్కువగా జరిగాయి, అయినా వాళ్లలో సగం మంది 11.6 నెలలకి పైగా బతికారు, మొదటి గుంపులో సగం మంది 8.9 నెలలకి పైగా. ఒక్క అధ్యయనంతో అందరికీ ఆయుష్షు పెరుగుతుందని నేను చెప్పను, కానీ పాలియేటివ్‌కి వెళ్తే త్వరగా పోతారన్న భయానికి ఆధారం లేదని మాత్రం గట్టిగా చెప్తాను.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అన్నా ఇలాగే బెదిరిపోతారు. సరైన మోతాదులో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుకుంటూ పోతే అది ప్రాణం తీయదు, ఆయాసానికి కూడా పనిచేస్తుంది. మొదట్లో మత్తుగా, వికారంగా ఉన్నా కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయమని అడగండి.

జవాబు 2:
మా అమ్మ జబ్బులో నేను నేర్చుకున్నది ఏంటంటే, "కీమో ఇస్తే మంచిదా" అని అడిగితే డాక్టర్లు కూడా గుండ్రంగానే చెప్తారు. సూటిగా అడగాలి. ఈ కీమోతో జబ్బు పోతుందా, కొంతకాలం ఆగుతుందా? బాగా పనిచేస్తే నాన్న ఎలా ఉంటారు, పనిచేయకపోతే ఎలా ఉంటారు, ఎక్కువమంది విషయంలో ఏం జరుగుతుంది? ఆయన రోజులో సగానికి పైగా మంచం మీదే ఉంటున్నారా? ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, అంత నీరసంగా ఉన్నవాళ్లకి కీమో మేలు కంటే హానే ఎక్కువ చేయొచ్చు. ఇంకొకటి, బయాప్సీ ముక్కలో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యుమార్పులు చూశారో లేదో తప్పకుండా అడగండి. అవి ఉంటే మాత్రల రూపంలో వేరే మందులున్నాయి, కీమో తట్టుకోలేనివాళ్లకి కూడా చాలాసార్లు ఇస్తారు.

ఇవాళే అటో ఇటో తేల్చేయాలని కూడా లేదు. రెండు విడతలు ఇచ్చి స్కాన్ తీద్దాం, తగ్గకపోయినా, ఆయన మరీ నీరసపడిపోయినా ఆపేద్దాం అని ముందే మాట అనుకోవచ్చు. మా ఇంట్లో గొడవ సద్దుమణిగింది ఇలా గడువు పెట్టుకున్నాకే.

జవాబు 3:
అన్నయ్య మీద కోపం పెట్టుకోకండి. దూరంగా ఉన్నవాళ్లకి రోజూ నాన్న దగ్గు వినిపించదు, ఫోన్లో "బాగానే ఉన్నాన్రా" అన్న మాటే వినిపిస్తుంది, పైగా దగ్గర లేనన్న బాధ ఒకటి, అందుకే ఇంకా ఏదో చేయాలి అంటారు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు వీడియో కాల్‌లో పెట్టండి. మీరు చెప్తే వాదన అవుతుంది, డాక్టర్ నోట వింటే వేరు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. జన్యు పరీక్ష సంగతి మాకు తెలియనే తెలియదు, వెంటనే అడుగుతాను. కానీ నాన్నకి ఎలా చెప్పాలి? నోరు రావట్లేదు.

జవాబు 1:
మీరే చెప్పాలని లేదు, డాక్టర్ గారిని చెప్పమనండి, మీరు పక్కన కూర్చోండి. మొదట ఆయనకి ఇప్పటికి ఏం తెలుసో అడగాలి, తర్వాత ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడగాలి. కొందరు అంతా చెప్పమంటారు, కొందరు "మా అమ్మాయితో మాట్లాడండి" అంటారు, అదీ ఆయన ఇష్టమే. మీ నాన్నగారు తనంతట తనే రిపోర్ట్ అడుగుతున్నారంటే చాలావరకు ఊహించేశారని నా అనుభవం. నిజం విన్నవాళ్లు ఏడుస్తారు, ఒకట్రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, కానీ తన ఒంటి గురించి ఇంట్లో గుసగుసలు వింటూ ఒంటరిగా పడుకోవడం అంతకంటే కష్టం.

అప్పుడు కీమో సంగతి ఒక్కటే కాదు, ఈ మిగిలిన కాలంలో ఆయనకి ఏది ముఖ్యమో, ఏది అస్సలు వద్దో కూడా అడగండి. ఊపిరి అందని పరిస్థితి వస్తే వెంటిలేటర్ పెట్టాలా, గుండె ఆగితే ఛాతీ నొక్కాలా అన్నది కూడా ఆయన మాట్లాడగలిగినప్పుడే తెలుసుకోవాలి. జబ్బు ఇంత ముదిరాక గుండె ఆగితే ఆ ప్రయత్నంతో తిరిగొచ్చేవాళ్లు చాలా అరుదు, పక్కటెముకలు విరగడం మాత్రం మామూలే. ఆయన చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టించి, ఫైల్లో ఒక కాపీ పెట్టమనండి, తను చెప్పలేని స్థితిలో ఎవరి మాట వినాలో కూడా ఆయన్నే అడిగి రాయండి. అన్నయ్యకీ ఒక కాపీ పంపండి.