ఆదిశేషుడు పడగ మారుస్తాడన్న కథ బడిలో చెప్పాలా, మానాలా?

కూర్మంవీధి: భూకంపం పాఠం మొదలవగానే పిల్లలు ఆదిశేషుడి ఊసెత్తుతారు: బరువు మొయ్యలేక ఇంకో పడగ మీదకి మార్చుకుంటాడని. కూర్మావతారం గుడి ఉన్న శ్రీకూర్మం పక్కనే కాబట్టి భూమిని మోసే తాబేలు మాటా వస్తుంది. దాంతోనే పాఠం అందుకోవాలా, మూఢనమ్మకమని పక్కన పెట్టాలా?

ఫలకాల మాస్టారు: పక్కన పెట్టాలి. ఒత్తిడి పేరుకుని పగులు దగ్గర రాయి జారుతుంది, అంతే. శేషుడు కదిలాడంటే మనం చేసేదేటుంది, దండం పెట్టుకోవడమే కదా! జపాన్ చూడండి. 1923 కాంటో భూకంపం వచ్చిన సెప్టెంబర్ 1న ఏటా, భూకంపమొస్తే ఏం చెయ్యాలో సాధన చేస్తారు.

తీరం: మాస్టారూ, ఆ జపాన్ నేల కిందా నమజు అనే మీసాల చేప ఉంది, మన వాలుగ లాంటిది. కాషిమా దేవుడు దాన్ని రాయితో అదిమి ఉంచుతాడట. కథా ఉంది, సాధనా ఉంది. ఇండోనేషియాలోని సిమెలుయే దీవిలో 1907 సునామీని 'స్మాంగ్' పేరుతో తరతరాలుగా చెప్పుకున్నారు: నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కు, సామాను కోసం ఆగకు. 2004లో సుమారు 78 వేల మందిలో పోయింది ఏడుగురు. ఏం చెయ్యాలో ఆ కథలోనే ఉంది. శేషుడి కథలో లేనిది అదే.

ఫలకాల మాస్టారు: ఒప్పుకున్నా. కానీ మన తీరంలోని భావనపాడులో స్మాంగ్‌ని ఉన్నదున్నట్టు చెబితే ప్రమాదం. సుమత్రాలో ఊగితే ఇక్కడ కాళ్ల కింద తెలియకపోవచ్చు, అల మాత్రం రెండు గంటలు దాటాక వస్తుంది.

పెంకుటిల్లు: బల్ల కింద దూరడమూ అరువు పాఠమే. పిల్లర్లు, బీములున్న బడిలో సరే: మోకాళ్ల మీద వంగి తలా మెడా కప్పుకుని, బల్ల కాలు పట్టుకోవాలి. బల్ల జరిగితే దాంతో పాటే జరగాలి. కింద అడ్డపట్టీ ఉన్న బెంచీలో దూరలేరు, పక్కన ముడుచుకుని సంచీ నెత్తిన పెట్టుకోవాలి. మెట్ల వైపు పరుగొద్దు. అదే పిల్ల రాత్రి పడుకునేది మట్టిగోడల పెంకుటింట్లో అయితే? తలుపు రెండడుగుల్లో ఉండి, ముందు ఖాళీ ఉంటే బయటికే. చూరు కింద మాత్రం ఆగకూడదు, పెంకులు జారేది అక్కడే.

భూకంప ముప్పు పటంలో మనది తక్కువ ముప్పున్న జోన్ 2 కదా అని ధీమా వద్దు. 1993లో భూకంపం వచ్చిన మహారాష్ట్రలోని కిల్లారి అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ముప్పున్న జోన్‌లోనే ఉంది. మందపాటి రాతిగోడల్లో లోపలి వరస, బయటి వరస విడిపోయి, పైనున్న మట్టికప్పు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలింది. రెండు వరసల్నీ కలిపేలా గోడ మందమంతా పట్టే రాయి ప్రతి రెండడుగుల ఎత్తుకీ, నాలుగడుగుల దూరానికీ ఒకటి పడాలి. ద్వారబంధాల పైన మూడంగుళాల కాంక్రీటు పట్టీ, రెండు 8 మి.మీ. చువ్వలతో ఇల్లంతా చుట్టాలి. మూల దగ్గర తెగిందా, దండగే.

కూర్మంవీధి: మరి మన చుట్టిళ్లు?

పెంకుటిల్లు: 2001 భుజ్ భూకంపంలో కచ్ వాళ్ల గుండ్రటి ఇళ్లు, భుంగాలు, బాగానే నిలిచాయి. మూలల్లేవు, కప్పు తేలిక. చుట్టిల్లు తుఫాను గాలికి పుట్టినా లెక్క అదే. కాకపోతే గోడ మట్టిది, తడిస్తే బలం పోతుంది. చూరు అంత కిందికి దించేది అందుకే.

ఫలకాల మాస్టారు: ఇదంతా సైన్సు పిరియడ్లో చెప్పండి, సంతోషం. శేషుణ్ణి మాత్రం తెలుగు పిరియడ్‌కి పంపించండి.