రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ నిజమేనా?

తిరుచానూరు నాన్న: మావాడికి తొమ్మిదేళ్లు, తిరుపతిలో కరాటేకి వారానికి రెండు రోజులు పంపిస్తున్నా. రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అంటున్నారు, ప్రతి బెల్ట్‌కీ ఫీజు మళ్లీ వేరే. నమ్మొచ్చా?

చిత్తూరు పాతకాపు: గ్యారంటీ అన్నారంటేనే అనుమానించాలన్నా. వారానికి మూడు రోజులు పోయినా నాకు ఐదేళ్లు పట్టింది, మధ్యలో టెన్త్ పరీక్షలని ఆరు నెలలు మానేశాన్లే. అయినా బ్లాక్ బెల్ట్‌లో మొదటి మెట్టుని జపాన్ వాళ్లు షోదాన్ అంటారు, అంటే ఆరంభ స్థాయి అని, అసలు నేర్చుకునేది ఆ తర్వాతే.

కర్రసాము: మా తాత కర్రసాము నేర్పేటప్పుడు కర్రతో ఒకే తిప్పుడు నెలల తరబడి తిప్పించేవాడు, విసుగొచ్చేది. ఏళ్లు లెక్కేయకండి, పిల్లాడు ఇంట్లో రోజూ పావుగంటైనా చేస్తున్నాడా?

తిరుచానూరు నాన్న: సోఫాని తన్నడం తప్ప ఇంకేం లేదన్నా.