కామన్ యాప్‌లో (అమెరికా కాలేజీల ఉమ్మడి అప్లికేషన్‌లో) తోలుబొమ్మల గురించి రాయొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం, మా బాబు లెవెన్త్ గ్రేడ్. రోబోటిక్స్, డిబేట్ ఏవీ లేవు. రెండేళ్ల కిందట ఆంధ్రాలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయడం చూసొచ్చినప్పటి నుంచి అదే లోకం, తోలు మీద గీసి చిన్న చిన్న చిల్లులు కొట్టి రంగులేసి, గరాజ్‌లో తెర కట్టి చుట్టుపక్కల పిల్లలకి ఆడిస్తాడు. మా వాళ్లేమో ఇది అప్లికేషన్‌కి పనికిరాదంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఎందుకు పనికిరాదండీ! కామన్ యాప్‌లో 10 యాక్టివిటీలు రాయొచ్చు, ముఖ్యమైనది ముందు పెట్టాలి. ఇది మొదట పెట్టించండి. వివరణకి 150 అక్షరాలే, కాబట్టి "కళంటే ఇష్టం" లాంటివి వద్దు, ఎన్ని బొమ్మలు చేశాడు, ఎన్నిసార్లు ఆడించాడు, అవి రాయాలి. ఇప్పట్నుంచే ఫోటోలు, తేదీలు దాచమనండి.

జవాబు 2: పై మాట నిజమే, కానీ మార్కులు తగ్గితే బొమ్మలు కాపాడవు. ఇంకోటి, అప్లికేషన్‌లో గొప్పగా కనిపించాలని దీన్నిప్పుడు హడావుడిగా నాన్‌ప్రాఫిట్‌గా మార్చకండి, ప్లీజ్. వాడికి ఇష్టమైనట్టే సాగనివ్వండి.

జవాబు 3: ఆంటీ, నేను పోయినేడే అప్లై చేశాను. మెయిన్ ఎస్సే 650 పదాలు, నేను తాతయ్యతో చేసిన తేనెటీగల పెంపకం గురించే రాశా. మొదటి డ్రాఫ్ట్‌లో తేనెటీగల గురించే అంతా ఉంది, నేను లేను. మీ బాబుని, బొమ్మ చేస్తుండగా ఎప్పుడైనా తోలు చిరిగిపోతే ఆ రోజు ఏం చేశాడో అడగండి, ఎస్సే అక్కడ మొదలుపెట్టొచ్చు.