మిస్సిసాగాలో డ్రోన్ పనికి అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ తీసుకోవడం లాభమేనా?

అందరికీ నమస్కారం. కెనడాలో డ్రోన్‌తో పని చేస్తున్న తెలుగువారి సలహా కావాలి.

ఉద్యోగం చేసుకుంటూనే, సెలవు రోజుల్లో అమ్మకానికి పెట్టిన ఇళ్లకు పైనుంచి ఫోటోలు తీస్తున్నాను. డ్రోన్ పైలట్లకు ఇచ్చే బేసిక్ సర్టిఫికెట్ ఉంది. అయితే ఇక్కడ పియర్సన్ విమానాశ్రయం చుట్టూ ఉన్నది నియంత్రిత గగనతలం. నా డ్రోన్ బరువు దాదాపు 900 గ్రాములు. దాన్ని అక్కడ ఎగరేయాలంటే అడ్వాన్స్‌డ్ ఉండాలి, ఇక్కడి విమాన రాకపోకలను నియంత్రించే నావ్ కెనడా సంస్థ అనుమతి కూడా తీసుకోవాలి. దానివల్ల చేతిదాకా వచ్చిన పనులు వదులుకోవలసి వస్తోంది. చాలా బాధగా ఉంది.

పరీక్ష రుసుము గురించి దిగులు లేదు. నెగ్గడానికి కావలసిన 80 శాతం మార్కుల కోసం శిక్షణ కోర్సు, ఆపై పరీక్షకుడి ఎదుట ఎగరేసి చూపించే ఫ్లైట్ రివ్యూ, ఈ రెండే భారం. 250 గ్రాముల లోపు డ్రోన్ కొనుక్కుంటే సర్టిఫికెట్టే అక్కర్లేదు కదా అంటున్నాడు మా స్నేహితుడు. కానీ గాలి కాస్త బలంగా వీస్తే చిన్న డ్రోన్ నిలకడగా ఉండదు. సాయంకాలపు వెలుతురులో తీస్తే ఇంటి కప్పు అంచులు మసకబారిపోతాయి. అలాంటి ఫోటోలు ఇచ్చి డబ్బు తీసుకోలేను.

కోర్సులో చేరకుండా సొంతంగా చదివి నెగ్గినవారు ఉన్నారా? ఫ్లైట్ రివ్యూలో వేటిని గుచ్చి గుచ్చి అడుగుతారు? సర్టిఫికెట్ వచ్చాక మీకు పనులు నిజంగా పెరిగాయా? దయచేసి మీ అనుభవం చెప్పండి.